నార్వే యూరోపియన్ యూనియన్‌ని రెండుసార్లు కాదన్నది చమురు డబ్బు చూసుకునేనా?

రాజనీతి విద్యార్థి:

అందరికీ నమస్కారం. నేను ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ చదువుతున్నాను. యూరోపియన్ యూనియన్‌లో చేరాలా వద్దా అని వివిధ దేశాలు జనాన్నే ఓటు అడిగిన రెఫరెండాల మీద మాకు సెమినార్ ఉంది. నా వంతుకి నార్వే వచ్చింది.

ఎక్కడ చదివినా ఒకటే మాట. నార్వేకి చమురుంది, డబ్బుంది, అందుకే వద్దంది అని ఒక్క వాక్యంలో తేల్చేస్తున్నారు. నాకు అది మింగుడుపడటం లేదు. 1972 సెప్టెంబర్‌లో మొదటిసారి ఓటేసినప్పుడు (అప్పటికి దాని పేరు యూరోపియన్ కమ్యూనిటీ) 53.5 శాతం మంది వద్దన్నారు. 1994 నవంబర్‌లో రెండోసారి 52.2 శాతం మంది వద్దన్నారు. మధ్యలో ఇరవై రెండేళ్లు గడిచాయి, చమురు ఆదాయం ఎక్కడికో వెళ్లిపోయింది. ఫలితం మాత్రం ఇంచుమించు అక్కడే ఉంది. చమురే కారణమైతే అంకె బాగా మారాలి కదా?

ఇంకో సందేహం. 1994లో ఆస్ట్రియా జూన్‌లో, ఫిన్లాండ్ అక్టోబర్‌లో, స్వీడన్ నవంబర్ 13న చేరతామన్నాయి. స్వీడన్ సరేనన్న రెండు వారాలకే నార్వే ఓటేసింది. ప్రధానమంత్రి, రెండు పెద్ద పార్టీలు, పేరున్న పత్రికల్లో చాలా భాగం, పరిశ్రమల సంఘాలు అంతా చేరదామన్నవాళ్లే. ఇంతమంది ఒకవైపు ఉంటే జనం రెండోవైపు ఎలా వెళ్లారు?

అక్కడ ఉంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మొత్తం అంకెలు నా దగ్గరున్నాయి. వద్దన్నవాళ్లు ఏం ఆలోచించుకుని వద్దన్నారో అది కావాలి.

---

ఉత్తర తీరం:

తమ్ముడూ, నేనుండేది ఉత్తర నార్వేలోని లోఫోటెన్ దీవుల్లో. పడవలు చేపలు దించే రేవులో ఒక కొనుగోలు కేంద్రం ఆఫీసులో పని చేస్తాను. 1994 నాటికి నేను ఇక్కడ లేను. కానీ నాతో పనిచేసే పెద్దవాళ్లలో రెండుసార్లూ ఓటేసినవాళ్లున్నారు. ఈ విషయం ఎత్తితే చాలు, నిన్న మొన్న జరిగినట్టు మాట్లాడతారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు చమురు సంగతి. ఉత్తర సముద్రంలో ఎకోఫిస్క్ క్షేత్రం బయటపడింది 1969 చివర్లో, ఉత్పత్తి మొదలైంది 1971లో. ప్రభుత్వ చమురు కంపెనీ స్టాటాయిల్ పుట్టిందే 1972లో. అంటే మొదటి ఓటింగ్ నాటికి చమురు ఒక ఆశ, అంతే. ఇవాళ అందరూ చెప్పుకునే చమురు నిధికి చట్టం 1990లో వచ్చింది గానీ అందులో మొదటిసారి డబ్బు పడింది 1996లో, రెండో ఓటింగ్ అయిపోయిన ఏడాదిన్నరకి. 1994లో మనకేం లోటు లేదన్న ధీమా కొంత పనిచేసిందంటే ఒప్పుకుంటాను. అయితే ఆ ధీమా దేశమంతటికీ ఒకేలా ఉండాలి, ఎందుకంటే చమురు ఆదాయం వెళ్లేది ప్రభుత్వ ఖజానాకి. మరి రాజధాని ఓస్లోలో మూడింట రెండొంతుల మంది చేరదామని, ఉత్తరం కొసనున్న ఫిన్‌మార్క్‌లో నలుగురిలో దాదాపు ముగ్గురు వద్దని ఎందుకన్నారు? చమురుతో ఈ తేడా అర్థం కాదు. చేపలతో అర్థమవుతుంది.

నా టేబుల్ మీదికి రోజూ వచ్చే కాగితం గురించి చెప్తాను. జనవరి నుంచి ఏప్రిల్ దాకా బారెంట్స్ సముద్రం నుంచి కాడ్ చేపలు గుడ్లు పెట్టడానికి మా దీవుల దగ్గరికి గుంపులుగా వస్తాయి. ఇక్కడివాళ్లు ఆ చేపని స్క్రెయ్ అంటారు. పడవ రేవుకి వస్తుంది, చేపలు దింపుతారు, తూకం వేస్తారు. అప్పుడు స్లుట్‌సెద్దెల్ అనే స్లిప్ తయారవుతుంది. ఏ పడవ, ఏ ప్రాంతంలో పట్టింది, వలతోనా గేలంతోనా, ఏ రకం చేప, ఎన్ని కిలోలు, కిలో ధర ఎంత. అమ్మినవాళ్లది ఒక సంతకం, కొన్నవాళ్లది ఒక సంతకం. ఇప్పుడు అంతా కంప్యూటర్‌లోనే. ఆ స్లిప్ మత్స్యకారుల అమ్మకపు సంఘానికి వెళ్తుంది. మా వైపు ఆ సంఘం పేరు రోఫిస్క్‌లాగ్. చేపకి కనీస ధర నిర్ణయించే అధికారం చట్టప్రకారం వాళ్లది. అంతకంటే తక్కువకి కొనే హక్కు మా యజమానికి లేదు.

ఇది 1938 నుంచి ఉన్న ఏర్పాటు. అంతకుముందు ధర చెప్పేది రేవు ఎవరిదైతే ఆ వ్యాపారి. మత్స్యకారులు రాత్రి తలదాచుకునే గుడిసెలూ ఆయనవే, అప్పు పద్దూ ఆయన దగ్గరే. ఎంతిస్తే అంత పుచ్చుకుని పోవాలి. ఆ రోజులు చూసిన తాతల మనవలే 1972లో ఓటేశారు. దీనికి తోడు ఇంకో నియమం కూడా ఉంది: చేపల పడవలో సగానికి మించిన వాటా స్వయంగా చేపలు పట్టేవాళ్లదే అయి ఉండాలి. ఫ్యాక్టరీల ట్రాలర్లకి, అంటే పెద్ద వల ఓడలకి, మినహాయింపులున్నాయి, కానీ తీరం వెంట చిన్న పడవలకి అదే రక్ష.

ఇప్పుడు 1970కి వెళ్దాం. బ్రిటన్, ఐర్లాండ్, డెన్మార్క్, నార్వే నాలుగూ చేరడానికి చర్చలు మొదలవుతున్న సమయంలోనే అప్పటి ఆరు సభ్యదేశాలు చేపల మీద ఉమ్మడి విధానం ఒకటి పెట్టుకున్నాయి. సభ్యదేశాల పడవలన్నిటికీ ఒకరి నీళ్లలో ఒకరికి సమానంగా ప్రవేశం ఉండాలన్నది దాని మూలసూత్రం. లోపలికి రాబోయే నాలుగు దేశాలకీ విశాలమైన సముద్రం ఉంది. గుమ్మంలో అడుగుపెట్టేలోపు ఇంటి నియమాలు మార్చేశారని ఇక్కడ అందరికీ మండింది. నార్వేకి తాత్కాలిక మినహాయింపులు దొరికాయి, శాశ్వతమైన హామీ దొరకలేదు. అప్పటి మత్స్యశాఖ మంత్రి క్నుట్ హోయెమ్ ఈ ఒప్పందం నాకు సమ్మతం కాదని 1972 జనవరిలో రాజీనామా చేశారు. మంత్రే దిగిపోతే రేవులో ఉన్నవాళ్లు ఏమనుకుంటారు చెప్పండి. పైగా అదే ఏడాది సెప్టెంబర్ 1న ఐస్‌లాండ్ తన చేపల హద్దుని 50 మైళ్లకి పెంచుకుని, ఇంకెవరి ట్రాలర్లూ లోపలికి రాకూడదంది. బ్రిటన్‌తో సముద్రం మీదే గొడవ. ఆ వార్తలు వింటూ, మూడు వారాలు తిరిగాక మావాళ్లు పోలింగ్‌కి వెళ్లారు. అప్పుడు నార్వే హద్దు 12 మైళ్లు. చేపల మీద హక్కు ఆ దేశానికే ఉండే 200 మైళ్ల ఆర్థిక మండలి వచ్చింది 1977లో.

1994కి ఆ 200 మైళ్లు చేతిలో ఉన్నాయి కాబట్టి పోగొట్టుకోవడానికి ఇంకా ఎక్కువే ఉంది. యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్‌లో జరిగిన చర్చల్లో మత్స్యశాఖ మంత్రి యాన్ హెన్రీ ఓల్సెన్ ఇవ్వడానికి మా దగ్గర చేపల్లేవు అని పట్టుబట్టి కూర్చుంటే ఆయనకి నో ఫిష్ ఓల్సెన్ అని పేరొచ్చింది. కానీ చివరికి ఒప్పందంలో ఏముంది? 62వ అక్షాంశానికి ఉత్తరాన ఉన్న సముద్రాన్ని నార్వే తన పద్ధతిలో చూసుకోవచ్చు, 1998 జూలై దాకా. ఆ తర్వాత ఉమ్మడి విధానం కిందికి. ఇప్పటి పద్ధతే అప్పుడూ కొనసాగుతుందిలే అని ప్రభుత్వం నచ్చజెప్పింది. గడువు రాసి ఉన్న కాగితాన్ని నమ్మమంటే ఎవరు నమ్ముతారు?

రైతులది ఇంకో బాధ. ఈ దేశంలో సాగుకి పనికొచ్చే నేల మొత్తంలో 3 శాతమే. చేరిన మొదటి రోజు నుంచే పంటలకీ పాలకీ ఇక్కడికంటే తక్కువగా ఉండే యూరోపియన్ ధరలు రావాలన్నది ఒప్పందం. నష్టపరిహారం ఇస్తామన్నారు, ఉత్తరాదికి ప్రత్యేక సాయం అన్నారు. దీని గురించి నాకు తెలిసింది తక్కువ, అందుకే ఎక్కువ రాయను. మా వైపు చాలా కుటుంబాల్లో ఒకప్పుడు చేపల సీజన్లో పడవ, మిగతా రోజుల్లో నాలుగు గొర్రెలు, కాస్త గడ్డి నేల ఉండేవి కాబట్టి ఈ రెండు భయాలూ ఒకే ఇంట్లో ఉండేవి అని మాత్రం చెప్పగలను.

ఆడవాళ్ల సంగతి చాలామంది వదిలేస్తారు. 1994లో మగవాళ్లకంటే ఆడవాళ్లే ఎక్కువగా వద్దన్నారు. వాళ్లలో చాలామందికి ఉద్యోగాలు మున్సిపాలిటీ బడుల్లో, ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో. ప్రభుత్వ సేవలకి కోత పడితే ముందు పోయేది తమ పనే అన్న లెక్క వాళ్లది. నేను పనిచేసే చోట అకౌంట్స్ చూసే పెద్దావిడ అప్పట్లో వృద్ధుల ఇళ్లకి వెళ్లి సేవ చేసే ఉద్యోగంలో ఉండేవారు. చేపల మాటే ఎత్తరు ఆవిడ. నా జీతం ఎంతుండాలో ఓస్లోలో నిర్ణయిస్తేనే మేం అరిచి గోల చేయాల్సి వచ్చేది, ఇక బ్రస్సెల్స్‌లో ఎవరికి వినపడుతుంది అంటారు. మొత్తం వ్యవహారం ఆ ఒక్క మాటలో ఉందని నా అభిప్రాయం. నిర్ణయం చేసేవాళ్లు తమకి అందేంత దూరంలో ఉండాలని వీళ్లు కోరుకున్నారు. ఓస్లోయే వీళ్లకి దూరం.

పెద్దలందరూ ఒకవైపు ఉంటే జనం ఎలా నిలబడ్డారని అడిగారు. నెయ్ టిల్ ఇయు (యూనియన్ వద్దు) అనే సంఘం ఊరూరా శాఖలు పెట్టింది. 43 లక్షల జనాభా ఉన్న దేశంలో దానికి దాదాపు 1,40,000 మంది సభ్యులు. దాని నాయకుడు క్రిస్టెన్ నైగార్డ్. మన సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈయన తెలియాలి: ఓలే యోహాన్ డాల్‌తో కలిసి సిములా భాష రూపొందించి ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌కి పునాది వేసినాయన, తర్వాత ట్యూరింగ్ అవార్డు అందుకున్నాయన. రాజకీయ వేదిక మీద, పల్లెలూ రైతుల అండ ఉన్న సెంటర్ పార్టీ నాయకురాలు ఆన్ ఎంగర్ లాన్‌స్టైన్ ముందుండి నడిపారు. 1993 ఎన్నికల్లో ఆ పార్టీ 11 సీట్ల నుంచి 32కి ఎగబాకిందంటే గాలి ఎటుందో ఏడాది ముందే తెలిసిపోయింది. కార్మిక సంఘాల సమాఖ్య ఎల్‌ఓ, సంప్రదాయంగా లేబర్ పార్టీ వెంటే ఉండేది, 1994 సెప్టెంబర్‌లో ప్రత్యేక మహాసభ పెట్టి స్వల్ప తేడాతో వద్దంది. ఇలా లేబర్ ఇంట్లోనే చీలిక ఉంది.

లేబర్ పార్టీకే చెందిన ప్రధాని గ్రో హార్లెమ్ బ్రుంట్‌లాండ్ ఈ విషయంలో తెలివిగా నడుచుకున్నారు. 1972లో అదే పార్టీ ప్రధాని త్రిగ్వే బ్రాటెలి ఓడితే దిగిపోతానని ముందే ప్రకటించి, ఓడాక అన్నమాట ప్రకారం దిగిపోయారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో లేబర్ ఓట్లు 46.5 శాతం నుంచి 35.3కి పడిపోయాయి. అన్నదమ్ములు మాటలు మానేశారని, ఒకే పార్టీలో పుట్టి పెరిగినవాళ్లు సభ్యత్వం కార్డులు వెనక్కిచ్చేశారని ఇప్పటికీ చెప్తారు. ఆ దెబ్బ గ్రో మర్చిపోలేదు. తన పార్టీలో వద్దనేవాళ్లు విడిగా సంఘం పెట్టుకుని ప్రచారం చేసుకోనిచ్చారు, పదవిని పందెం కాయలేదు. ఓడిపోయినా 1996 దాకా ప్రధానిగా ఉన్నారు. మీ పేపర్‌లో ఈ పోలిక తప్పకుండా పెట్టండి.

---

ఓస్లో నివాసి:

పైన రాసినావిడ చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు. చాలా బాగా చెప్పారు. కానీ ఓటు తర్వాత ఏం జరిగిందో కూడా చూడకపోతే ఆ కుర్రాడి పేపర్ సగమే అవుతుంది.

వద్దనుకున్నామంటారు గానీ నార్వే నిజానికి బయట లేదు. 1994 జనవరి 1 నుంచే యూరోపియన్ ఆర్థిక ప్రాంతం ఒప్పందం అమల్లో ఉంది. రెఫరెండానికి పదకొండు నెలల ముందు నుంచి అన్నమాట. సరుకులు, సేవలు, పెట్టుబడి, మనుషుల రాకపోకలు అన్నిటికీ యూనియన్ నియమాలే ఇక్కడా. 2001 నుంచి సరిహద్దు తనిఖీల్లేని షెంగెన్‌ ప్రాంతంలో కూడా ఉన్నాం. ఫ్రెడ్రిక్ సేయెర్‌స్టెడ్ అధ్యక్షతన ప్రభుత్వం వేసిన కమిటీ 2012లో ఇచ్చిన నివేదికలో, సభ్యదేశాలకి వర్తించే నియమాల్లో సుమారు నాలుగింట మూడొంతులు నార్వే కూడా పాటిస్తోందని లెక్క తేల్చింది. ఆ నియమాలు రాసే బల్ల దగ్గర నార్వేకి కుర్చీ లేదు, ఓటు లేదు. బ్రస్సెల్స్ నుంచి ఫ్యాక్స్‌లో చట్టాలు వస్తాయి, మనం అమలు చేస్తాం, ఇదొక ఫ్యాక్స్ ప్రజాస్వామ్యం అని ఇక్కడి పత్రికలే రాశాయి.

కాదనే హక్కు కాగితం మీద ఉంది. 2011లో తపాలా సేవల మూడో డైరెక్టివ్‌ని (యూనియన్ ఆదేశాన్ని) ఒప్పుకునేది లేదని నార్వే ప్రభుత్వం ప్రకటించింది. 2013లో ప్రభుత్వం మారగానే ఆ అభ్యంతరం వెనక్కి తీసుకున్నారు. కరెంటు విషయంలోనూ ఇదే తంతు. యూనియన్ నాలుగో ఇంధన ప్యాకేజీలోని డైరెక్టివ్‌లు ఆమోదించే విషయంలో తేడాలొచ్చి సెంటర్ పార్టీ 2025 జనవరి చివర్లో ప్రభుత్వం నుంచి బయటికొచ్చేసింది. సభ్యత్వం లేని దేశంలో యూనియన్ నియమం మీద ప్రభుత్వమే చీలిపోయింది! ఇందులో స్వతంత్రం ఎక్కడుందో నాకు అర్థం కాదు.

డబ్బు కూడా కడుతున్నాం. ఈ ఒప్పందం కింద యూనియన్‌లోని తక్కువ ఆదాయ దేశాలకి ఇచ్చే గ్రాంట్లు 2014 నుంచి 2021 కాలానికి 280 కోట్ల యూరోలు. ఇదే ఒప్పందంలో ఉన్న ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్ వాటాలు నామమాత్రం, మిగతా అంతా నార్వేదే.

నేను పనిచేసేది సాఫ్ట్‌వేర్‌లో. వ్యక్తిగత సమాచార రక్షణ నియమం జీడీపీఆర్ దగ్గర్నుంచి మాకు తగిలే ప్రతి నియమం అక్కడి నుంచి వచ్చిందే. స్వీడన్ వాడికి అది తయారయ్యేటప్పుడు మాట్లాడే అవకాశం ఉంది, ఓటేసే మంత్రి ఉన్నాడు. మాకు తయారయ్యాక చదువుకునే అవకాశం ఉంది. జనం తీర్పుని గౌరవిస్తాను, కానీ ఆ తీర్పుకి ఇస్తున్న ధర గురించి ఇక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడరన్నది నా ఆవేదన.

---

రాజనీతి విద్యార్థి:

అక్కా, అన్నా, ఇద్దరికీ చాలా థాంక్స్. ఇంత వివరంగా రాస్తారనుకోలేదు.

మధ్యలో ఒక సందేహం. ఆర్థిక ప్రాంతం ఒప్పందం ఇంత పెద్దదైతే దానికి రెఫరెండం ఎందుకు పెట్టలేదు? అసలు నార్వేలో రెఫరెండం ఫలితానికి ప్రభుత్వం కట్టుబడి ఉండాలని చట్టం ఉందా?

---

న్యాయశాస్త్రం:

దీనికి నేను చెప్తాను. నార్వే రాజ్యాంగంలో రెఫరెండం అన్న మాటే లేదు. పార్లమెంటు, అంటే స్టూర్టింగ్, ఎప్పుడు పెట్టాలనుకుంటే అప్పుడు చట్టం చేసి పెడుతుంది. ఫలితం సలహా మాత్రమే. దేశం మొత్తం మీద ఇప్పటిదాకా ఆరే జరిగాయి: 1905లో రెండు, మద్యనిషేధం మీద 1919లో, 1926లో, తర్వాత మీరు రాస్తున్న రెండు. 1905 ఆగస్టులో స్వీడన్‌తో బంధం తెంచుకోవడానికి ఒప్పుకున్నవాళ్లు 3,68,208 మంది, కాదన్నవాళ్లు 184 మంది. మీ రెండు రెఫరెండాల పక్కన ఆ అంకె పెడితే దేశం ఏకమైతే ఎలా ఉంటుందో, రెండుగా చీలితే ఎలా ఉంటుందో తెలుస్తుంది.

అసలు కీలకం వేరే ఉంది. సార్వభౌమాధికారంలో కొంత భాగం అంతర్జాతీయ సంస్థకి అప్పగించాలంటే స్టూర్టింగ్‌లో నాలుగింట మూడొంతుల మెజారిటీ కావాలి. అప్పట్లో అది 93వ అధికరణం, ఇప్పుడు 115. ఆర్థిక ప్రాంతం ఒప్పందాన్ని 1992 అక్టోబర్‌లో ఈ పద్ధతిలోనే ఆమోదించారు, 130 మంది అనుకూలం, 35 మంది వ్యతిరేకం. సభలో 165 సీట్లు కాబట్టి 124 చాలు. రెఫరెండం అవసరం పడలేదు. పెట్టి ఉండాల్సిందని అప్పుడే చాలామంది అన్నారు. స్విట్జర్లాండ్‌లో పెట్టారు, ఆ డిసెంబర్‌లో అక్కడ 50.3 శాతంతో ఓడిపోయింది.

1994 నాటి లెక్క చూడండి. 42 మంది కాదంటే సభ్యత్వం ఆగిపోతుంది. 1993లో గెలిచిన సభలో సెంటర్ పార్టీకి 32, సోషలిస్ట్ లెఫ్ట్‌కి 13. చేరొద్దన్న ఆ రెండు పార్టీలకే 45. అంటే రెఫరెండంలో అవును స్వల్ప తేడాతో గెలిచి ఉంటే, జనం మాట వినాలా, తమ నియోజకవర్గం మాట వినాలా అన్న ఇరకాటంలో ఆ సభ్యులు పడేవాళ్లు. ఫలితం కాదని రావడంతో ఆ పరీక్ష తప్పింది. తేడా దాదాపు 1,27,000 ఓట్లు, పోలింగ్ 89 శాతం దగ్గర. ఇంతమంది వచ్చి ఓటేశాక అది సలహా మాత్రమే అని కొట్టిపారేసే ధైర్యం ఏ నాయకుడికీ ఉండదు.

---

ఉత్తర తీరం:

ఓస్లో నివాసి గారికి. మీరన్న ధర నిజమే, మేమూ కడుతున్నాం, మా రేవులో అయితే కళ్లకి కనపడుతుంది. తాజా సాల్మన్ యూనియన్‌లోకి వెళ్తే సుంకం 2 శాతం. అదే పొగబెట్టి, కోసి, ప్యాక్ చేసి పంపితే 13 శాతం. అందుకే చేప ఐస్‌లో వేసుకుని అలాగే లారీల్లో డెన్మార్క్‌కి, పోలండ్‌కి వెళ్లిపోతుంది. అక్కడ కోస్తారు. ఆ పని ఇక్కడే ఉండి ఉంటే మా ఊళ్లల్లో ఇంకొన్ని ఉద్యోగాలుండేవి. వద్దని ఓటేసినవాళ్లు ఈ సంగతి దాచరు.

ఇంకా చేదు నిజం ఒకటుంది. యూనియన్ రాలేదు, అయినా చిన్న పడవలు తగ్గిపోయాయి. ఒకరి కోటా, అంటే ఇంత చేప పట్టొచ్చన్న హక్కు, ఇంకొకరు కొనుక్కుని కలిపేసుకునే వీలు కల్పించింది బ్రస్సెల్స్ కాదు, మన స్టూర్టింగే. కొన్ని రేవుల్లో బాగా డబ్బున్న రెండు మూడు కుటుంబాల చేతుల్లోకే కోటాలన్నీ పోయాయి. చేప లేని రేవులో కొన్నాళ్లకి బడి ఉండదు, బడి లేని ఊళ్లో పిల్లలున్నవాళ్లు ఉండరు.

అయినా నేను ఆ ఓటుని తప్పని అనలేను. కోటాల మీద మాకు కోపమొస్తే ఏ మంత్రిని నిలదీయాలో తెలుసు. ఆ మంత్రి ఏడాదికోసారైనా ఈ వైపు వచ్చి సభలో కూర్చోక తప్పదు, మావాళ్లు ముఖం మీదే అడుగుతారు, నచ్చకపోతే తర్వాతి ఎన్నికల్లో ఓడిస్తారు. కనీస ధర తీసేయాలని చేపలు కొనే కంపెనీలు ఎన్నిసార్లు అడిగినా ఆ చట్టం ఇంకా నిలిచి ఉందంటే ఇక్కడి ఒత్తిడి వల్లే. మీరు చెప్పిన ఒప్పందంలో చేపల విధానం, వ్యవసాయ విధానం రెండూ లేవు. అంటే 1994లో ఉత్తరాది అడిగింది ఆ రెంటి వరకూ దక్కింది. మీ రంగానికి దక్కలేదు. మీ బాధ న్యాయమైనదే, మీకు ఓటు ఉండాల్సిన చోట లేదు. కానీ మీకు కుర్చీ కావాలంటే మా రేవుని బేరానికి పెట్టాలి, అక్కడే మనకి కుదరదు.

తమ్ముడూ, మీ సెమినార్‌కి ఒక సలహా. దేశం మొత్తం శాతాలతో మొదలుపెట్టకండి. నార్వే గణాంక సంస్థ ఎస్‌ఎస్‌బీ దగ్గర రెండు రెఫరెండాలకీ ప్రాంతాలవారీ ఫలితాలు దొరుకుతాయి. 1972వి ఒక పక్క, 1994వి ఒక పక్క పెట్టి చూడండి. ఇరవై రెండేళ్ల తర్వాత కూడా అవే తీరాలు, అవే నగరాలు కనిపిస్తాయి. ఆ తర్వాత ఐస్‌లాండ్ వైపు కూడా ఓ కన్నేయండి. 2024 డిసెంబర్‌లో అక్కడ ఏర్పడ్డ ప్రభుత్వం, చేరిక చర్చలు మళ్లీ మొదలుపెట్టాలా అన్నదాని మీద 2027 దాటకుండా రెఫరెండం పెడతామంది. అక్కడా మొదట వచ్చే ప్రశ్న చేపలదే. నార్వేజియన్ పేర్లు తెలుగులో ఎలా రాయాలో సందేహముంటే ఇక్కడే అడగండి, చెప్తాను.